బొట్టు పెట్టి పిలిచిన సంఘం

ఆ సోమవారం పొద్దున సుమన అనుకున్న పని చిన్నదే. తనతో కలిపి ఏడుగురు ఆడవాళ్లు సంతకాలు పెడితే సంఘం రిజిస్టరవుతుంది. సంఘముంటే పంచాయతీవాళ్లు ఖాళీ గది ఇస్తామన్నారు. అమరచింతలో తల్లులు మగ్గం నేసినంతసేపూ పిల్లలను అక్కడ చూసుకోవచ్చు. పోయిన నెల తన రెండేళ్ల కొడుకు మగ్గం గుంతలో పడ్డప్పటినుంచీ ఆమె ప్రాణం కుదుటపడలేదు.

"అత్తమ్మా, ఆరుగురిని జర పిలుచుకొస్తవా?"

అత్త జములమ్మ పద్ధతి గల మనిషి. కుంకుమ భరిణె పట్టుకొని బయల్దేరింది. ఒక గడపలో బొట్టు పెట్టి పక్క గడప దాటిపోతే బాగుంటుందా? వీధి వీధంతా పెట్టింది.

పది గంటలకు నలభై మంది రవికె గుడ్డలతో దిగారు.

"మళ్ల నీళ్లు పోసుకున్నవాయె! ఎన్నో నెల?" అంటూ బాలమ్మ సుమన కడుపు తడిమింది.

"కడుపు కాదు చిన్నమ్మా, సంఘం!"

దస్తావేజులు రాసే నిజాముద్దీన్ కాగితాలు విప్పాడు. "సొసైటీల ఎంతమందైనా ఉండొచ్చు. అధ్యక్షురాలు మాత్రం ఒక్కరే."

"ముందు బొట్టు నాకే పెట్టిండ్రు. నేనే!" అంది జోగులమ్మ.

"నువ్వా? గట్లయితే మన పిల్లలు మగ్గం గుంతలల్లనే ఉంటరు తియ్!" అంది బాలమ్మ.

ఆపైన ఎవరేమన్నదీ ఎవరికీ వినబడలేదు. సంఘం పుట్టకముందే చీలేట్టుంది. సుమన నిజాముద్దీన్ వైపు తిరిగింది.

"సాబ్, కొట్లాట లేని తీరు ఏదన్న ఉందా?"

"ట్రస్టు ఉంది. ట్రస్టీలు ఇద్దరు చాలు. కాని ఎవరన్న తమ సొత్తు దానికి రాసియ్యాలె. ఇచ్చినోళ్ల పేరే మొదలు రాస్త."

నలభై మందీ ఒక్కసారే చూరు వైపు చూశారు.

"జములక్కా, పద్ధతుల మనిషివి. నువ్వేమిస్తవు, కుంకుమ భరిణెనా?" అని నవ్వింది బాలమ్మ.

జములమ్మ ముఖం కందగడ్డయింది. "ఇల్లు నా పేర్న ఉంది. ముందుగది ఇస్తున్న. రాయి సాబ్, పేరు పెద్దగ రాయి!"

"మళ్ల వాపస్ తీసుకోరాదమ్మా."

"జములమ్మ మాట వాపస్ వస్తదా?"

పంచాయతీ గది ఊసే లేకుండా పోయింది. రెండో ట్రస్టీగా సుమన సంతకం పెట్టింది.

వారం తిరిగేసరికి రిజిస్ట్రేషన్ అయింది. మధ్యాహ్నం కాస్త నడుము వాలుద్దామని జములమ్మ ముందుగదిలోకి వెళ్లింది. పదకొండు మంది పిల్లలు ఆమె మంచమెక్కి ఎగురుతున్నారు.

"ఏందే ఇది? నేనేడ పండాలె?"

"ట్రస్టు గది గదా అత్తమ్మా. నువ్వు పండాలన్నా ఇద్దరం కూసోని తీర్మానం చెయ్యాలె."

ఓట్లు చెరొకటి పడి తీర్మానం వీగిపోయింది. మంచం వాకిట్లోకి నడిచింది.