నాలుగో అంతస్తు అధ్యక్షుడు

“ఈ క్షణం నుంచి మీరు ఈ భవనంలో అద్దెదారులు కారు. మా సలహాదారులు!”

వెల్ఫేర్ ఆఫీసరు మైకు పట్టుకుని ఈ చారిత్రాత్మక ప్రకటన చెయ్యగానే వృద్ధుల వసతి భవనం కింది హాలు చప్పట్లతో దద్దరిల్లింది. చప్పట్లు ఆగాక, మైకు కట్టేశాక, “అద్దె మాత్రం మామూలే” అన్నారాయన గొంతు తగ్గించి. చెవి మిషన్లు పెట్టుకున్నవాళ్ళకి అదీ వినిపించింది.

“సలహా సంఘంలో స్వచ్ఛందంగా పనిచేసేదెవరు? జీతం లేదు, భత్యం లేదు. గౌరవం ఉంటుంది.”

హాల్లో అందరూ ఒక్కసారిగా తమ చెప్పుల వైపు చూసుకున్నారు. డ్రిల్లు మాస్టారొక్కరే లేచి నిలబడ్డారు.

నిజానికి ఆయన సేవ చెయ్యాలని లేవలేదు. ఇనప కుర్చీలో నడుం పట్టేస్తే లేచారు. కానీ చరిత్ర అలాంటి చిల్లర విషయాలు పట్టించుకోదు. ఆఫీసరు పరుగున వచ్చి చొక్కాకి బ్యాడ్జి గుచ్చేసి, “అధ్యక్షులవారు!” అనేశారు. బ్యాడ్జి చూసుకున్నాక మాస్టారికి కూర్చోబుద్ధి కాలేదు. తనలో ఇంత త్యాగబుద్ధి దాగి ఉందని ఇన్నాళ్ళూ తనకే తెలీదు.

అదీగాక, లిఫ్టు ఉంది. అంటే, లేదు.

ఎండాకాలంలో ఆగిపోయిన లిఫ్టు చలికాలం వచ్చినా కదల్లేదు. ఏదో విడిభాగం రావాలట. మాస్టారి కాపురం నాలుగో అంతస్తులో. భార్యకి మోకాలి ఆపరేషన్ అయింది, మెట్లు దిగలేదు. ఆవిడ అక్క అదే భవనంలో కింది అంతస్తులో ఉంటుంది, ఆవిడ మెట్లెక్కలేదు. లిఫ్టు తిరిగినన్నాళ్ళూ అక్కాచెల్లెళ్ళు రోజూ కలిసి కాఫీ తాగేవాళ్ళు. ఇప్పుడు చెల్లెలు బాల్కనీలోంచి, అక్క పెరట్లోంచి కేకలేసుకుంటున్నారు. అక్కకి కాస్త చెవుడు. అందువల్ల మాస్టారు నిద్రలో ఏమేం కలవరిస్తారో భవనంలో అందరికీ తెలిసిపోయింది.

“అధ్యక్షుణ్ణయ్యాను” అన్నారు మాస్టారు ఇంటికెళ్ళి, ఆయాసం ఆపుకుంటూ.

“పోటీ ఎవరు?”

“పోటీ లేదు.”

“అదీ చెప్పండి. జీవితమంతా పిల్లలచేత గంతులేయించారు. ఆ లిఫ్టుని ఒక్క గంతు వేయించండి చూద్దాం. అక్క మొహం దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్ళయిందో.”

మాస్టారు బ్యాడ్జి తుడుచుకుని మాటిచ్చారు.

సంఘంలో మిగతా నలుగురి పేర్లూ ఆఫీసరే రాసేసుకున్నారు. మొదటి సమావేశంలోనే మాస్టారు లిఫ్టు విషయం ఎత్తారు. ఆఫీసరు మొహంలో నిజమైన బాధ కనిపించింది.

“మీరుండేది ఎన్నో అంతస్తు మాస్టారూ?”

“నాలుగు.”

“అయ్యయ్యో! అయితే లిఫ్టు గురించి మీరు మాట్లాడకూడదండీ. స్వప్రయోజనం! దాంతో లాభం ఉన్నవాళ్ళు దాని మీద సలహా ఇవ్వకూడదు. నిబంధన.”

“మరెవరు మాట్లాడాలి?”

“దాంతో ఏ పనీ లేనివాళ్ళు” అని ఆఫీసరు టైలరుగారి వైపు తిరిగారు. ఆయన కింది అంతస్తు మనిషి. “మీ అభిప్రాయం?”

టైలరుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. “నాకు లిఫ్టు కావాలనీ లేదు, వద్దనీ లేదండీ. తలుపులు మాత్రం లేత నీలం రంగైతే కంటికి హాయిగా ఉంటుంది.”

“శభాష్! నిష్పాక్షికత అంటే ఇదీ!”

తీర్మానం ఏకగ్రీవం. మర్నాటికల్లా లిఫ్టు తలుపులకి లేత నీలం పడింది. ప్రభుత్వ యంత్రాంగం నిద్రపోతోందని అనేవాళ్ళు ఆ వేగం చూసి ఉండాల్సింది.

అక్కడితో ఊరుకుంటే మాస్టారు మాస్టారెందుకవుతారు? ఆయనకో ఆలోచన వచ్చింది. బుర్రలోకి వచ్చిన ఆలోచనని బయటికి పోనివ్వకపోవడం ఆయన వృత్తిలోనే ఉన్న లోపం.

“సార్, నాకు లిఫ్టు అవసరమే లేదని రుజువు చేస్తే? అప్పుడు నాకు స్వప్రయోజనం లేనట్టే కదా! మాట్లాడొచ్చుగా?”

ఆఫీసరు కళ్ళు మెరిశాయి. “భేషుగ్గా! ఎలా రుజువు చేస్తారు?”

“కింది నుంచి పైదాకా ఆగకుండా ఎక్కుతాను. నవ్వుతూ.”

నవ్వుతూ అనే మాట ఎవరూ అడగలేదు. అది పూర్తిగా ఆయన సొంతం.

సోమవారం ఆఫీసరు ఫొటోగ్రాఫర్ని వెంటబెట్టుకుని వచ్చారు. మాస్టారు కాన్వాసు బూట్లేసుకుని మొదలుపెట్టారు. మొదటి అంతస్తు దాకా ఊరికే నవ్వారు. రెండో అంతస్తు దగ్గర గుండె లోపల్నుంచి తలుపు తట్టింది. మూడో అంతస్తు దగ్గర ఎప్పుడో పోయిన హెడ్మాస్టరుగారు ఎదురై, “ఏమయ్యా, నువ్వూ వచ్చేస్తున్నావా?” అని పలకరించినట్టయింది. నాలుగో అంతస్తు చేరేసరికి నవ్వు మొహానికి అతుక్కుపోయింది, తీద్దామన్నా రాలేదు.

భార్య తలుపు తీసింది. “ఎవరండీ తరుముతున్నారు?”

“మాట్లాడకు… లిఫ్టు… వచ్చేస్తోంది…” అని మాస్టారు గడప మీదే కూలబడ్డారు. ఫొటో బాగా వచ్చింది.

తర్వాతి సమావేశంలో ఆయన లిఫ్టు మీద అద్భుతంగా ప్రసంగించారు. నర్సుగా రిటైరైన నర్సమ్మగారు కళ్ళొత్తుకున్నారు. సంఘంలో మిగిలిన ఇద్దరు సభ్యులు అలవాటు ప్రకారం తలూపారు. అంతా విన్నాక ఆఫీసరు లేచి వినయంగా చేతులు కట్టుకున్నారు.

“ఇంత గొప్పగా చెప్పాక ఇక నేను చెప్పేదేముంది? కానీ ఒక్క సందేహం. సాక్షాత్తూ అధ్యక్షులవారే లిఫ్టు అక్కర్లేదని ఫొటోతో సహా రుజువు చేశాక, లిఫ్టు కావాలంటే పై అధికారులు నమ్ముతారా?”

సాయంత్రానికల్లా లేత నీలం తలుపుల మీద పెద్ద బ్యానరు వేలాడింది. మాస్టారి ఫొటో కింద పెద్దక్షరాలు: “మీ అధ్యక్షుడు ఎక్కాడు. మరి మీరు?”

పెరట్లోంచి అక్క కేక వినిపించింది. “చెల్లీ! మరిదిగారి ఫొటో బాగుందే! కాస్త కళ్ళు తేలేశారు గానీ!”

ఆ సాయంత్రం భార్య కాఫీ ఒక్క కప్పే కలిపింది.

మాస్టారికి పౌరుషం వచ్చింది. రాజీనామా ఇచ్చేద్దామని బయల్దేరారు. మెట్ల దగ్గరే ఆఫీసరు ఎదురై చేతులు పట్టేసుకున్నారు.

“మీ సేవలకి గుర్తింపుగా సంఘానికి సొంత ఆఫీసు ఇస్తున్నాం మాస్టారూ!”

రాజీనామా ఇవ్వాలన్నా ఒక ఆఫీసంటూ ఉండాలి కదా అని మాస్టారు ఆగారు. ఎంత ఆలోచించినా ఇందులో తప్పేమీ ఆయనకి కనిపించలేదు. సొంత కుర్చీ వస్తుందన్న ఆశ ఉన్నప్పుడు తప్పులు సాధారణంగా కనిపించవు.

ఆఫీసు లిఫ్టులోనే. “ఖాళీగా పడుంది. తలుపుంది, లైటుంది, ఫ్యానుంది, అద్దం కూడా ఉంది” అని ఆఫీసరు చూపించారు. “లోపల చూడండి, ఆరుగురు మాత్రమే అని రాసుంది. మీరైదుగురు, నేనొకణ్ణి. మనకోసమే చేసినట్టు లేదూ?”

ప్రారంభోత్సవం నాడు బ్యానరు పక్కకి జరిపి, రిబ్బను కత్తిరించి, అందరూ స్టూళ్ళు వేసుకుని మోకాళ్ళు తగిలేలా లోపల కూర్చున్నారు. గాలాడలేదు. నర్సమ్మగారు కొంగుతో విసురుకుంటూ, “ఎవరైనా స్పృహ తప్పితే పడ్డానికి కూడా చోటు లేదు. ఫ్యాను వెయ్యండి బాబూ” అన్నారు.

ఆఫీసరు ఎలక్ట్రీషియన్ని కేకేశారు. “ఫ్యానుకి కరెంటివ్వు!”

“ఫ్యానుకి వేరే లైను లేదు సార్. మొత్తం లిఫ్టుకి ఒకటే మెయిను.”

“అయితే మెయినే వెయ్యవయ్యా! సంఘం చెమటలు కక్కుతుంటే చూస్తూ నిలబడతావా?”

మెయిను పడింది. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. తలుపులు మూసుకున్నాయి. ఆఫీసు పైకి లేచింది.

“ఇదేంటి?” ఆఫీసరు మొహం పాలిపోయింది. “అనుమతి లేకుండా కదులుతోందేం?”

“విడిభాగం వచ్చేసిందా సార్?” అనడిగారు మాస్టారు అమాయకంగా.

ఒకటి. రెండు. మూడు. నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా ఒక చేత్తో ఊతకర్ర, రెండో చెయ్యి ఇంకా బటను మీదే ఉంచి మాస్టారి భార్య నిలబడి ఉంది. మెయిను పడ్డ చప్పుడు వినిపిస్తే ఉన్నపళంగా వచ్చి నొక్కేసింది.

“ఒకరు దిగండి. కిందికెళ్ళాలి.”

“అమ్మా, ఇది లిఫ్టు కాదు. ఆఫీసు” అన్నారు ఆఫీసరు.

“అలాగే. నన్ను ఆఫీసులో కిందికి దింపండి.”

ఎవరూ కదల్లేదు. టైలరుగారు తను ఒక తీర్మానం మధ్యలో ఉన్నానన్నారు. నర్సమ్మగారు తను దిగితే మళ్ళీ మెట్లు దిగలేనన్నారు. తలూపే ఇద్దరూ ఈసారి తల అడ్డంగా ఊపారు. ఆఫీసరైతే తను లేకపోతే సంఘానికి దిక్కెవరన్నారు. అందరూ కలిసి మాస్టారి వైపు చూశారు.

మాస్టారు తన స్టూలు వైపు ఒకసారి చూసుకున్నారు. తర్వాత భార్య మొహం చూశారు. లేచి బయటికొచ్చారు. ఆవిడ వెళ్ళి ఆ స్టూలు మీదే కూర్చుంది.

“ఏమండీ, పొయ్యి మీద పాలున్నాయి” అంది. తలుపులు మూసుకున్నాయి.

పాలు దించి, మెట్లన్నీ దిగి మాస్టారు కిందికి చేరేసరికి అక్కాచెల్లెళ్ళు అక్క గదిలో మంచం మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఇన్నాళ్ళూ భవనం ఎగిరిపోయేలా అరుచుకున్నవాళ్ళు ఒక్క మాట మాట్లాడుకోవడం లేదు. అక్క చెల్లెలి మోకాలు నిమురుతోంది.

గుమ్మం దగ్గర ఆఫీసరు నుదురు తుడుచుకుంటున్నారు. “కంగ్రాచ్యులేషన్స్ మాస్టారూ! లిఫ్టు కావాలన్నావిడ కిందికొచ్చేశారు. సమస్య పరిష్కారం! మెయిను తీసేయించాను.”

“మరి తను పైకెలా వస్తుంది?”

“అది వేరే సమస్య. సంఘానికి చెప్పుకోండి.”

“సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే కదండీ!”

“మీరు కుర్చీ ఖాళీ చేశారుగా. కుర్చీలో ఎవరుంటే వాళ్ళే. రెండో అంతస్తు దాటేలోపు ఆవిణ్ణి ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం.”

మాస్టారు లోపలికి చూశారు. భార్య తల తిప్పకుండానే ఆఫీసరుతో అంది. “ఆఫీసరుగారూ, అధ్యక్షురాలిగా ఒక్క సలహా. ఆఫీసులో ఫ్యాను పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగాలి. అందరికీ ఉక్కపోస్తోంది.”

“లిఫ్టుకైతే కరెంటు ఇవ్వలేనమ్మా.”

“లిఫ్టు ఎవరడిగారు? ఆఫీసుకి అడుగుతున్నాను.”

“ఆఫీసుకా?” ఆఫీసరుకి ప్రాణం లేచొచ్చింది. “ఆఫీసుకైతే అడ్డేముందమ్మా! ఇప్పుడే వేయిస్తాను!”

ఆనాటి నుంచి ఆ భవనంలో లిఫ్టు లేదు. ఆఫీసు మాత్రం పగలంతా పైకీ కిందికీ తిరుగుతూ ఉంటుంది. జనం ఆఫీసు పనుల మీద ఎక్కి, పనులయ్యాక దిగుతున్నారు. అక్కగారు రోజూ ఆఫీసు పని మీదే నాలుగో అంతస్తుకి వస్తున్నారు, మాస్టారి భార్య కాఫీ మూడు కప్పులు కలుపుతోంది. మాస్టారు మాత్రం మెట్లెక్కే వస్తున్నారు. బ్యానరు మీద తన మొహం ఉన్నంత కాలం ఆయనకి వేరే దారి లేదు.

లిఫ్టు లేకుండా నడుస్తున్న ఏకైక ఆదర్శ భవనంగా దానికి అవార్డు వచ్చింది. ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా వచ్చారు. సభ డాబా మీద. మెట్ల మొదట్లో మాస్టారు కాన్వాసు బూట్లేసుకుని, నవ్వుతూ, స్వాగతం చెప్పడానికి నిలబడ్డారు.

మంత్రిగారు బ్యానరు చదివారు. మాస్టారి భుజం తట్టారు. మెట్ల వైపు తలెత్తి చాలాసేపు చూశారు.

“బాగుంది” అన్నారు. “ముందు ఒకసారి ఆఫీసు చూద్దాం.”