కొబ్బరికాయ కొట్టని సైకిల్

ఆ సోమవారం ఉదయం పోశయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉప్పల్‌లోని ఇంటి నుంచి నాచారంలోని కంపెనీకి సైకిల్ మీద పోవాలి. అక్కడ డిస్పెన్సరీలో డాక్టరుకు బీపీ చూపించుకోవాలి. పాసైతే మళ్లీ తన క్రేన్ ఎక్కాలి. అంతే. పెద్ద పెద్ద పథకాలు వేసేవాళ్లు ఏసీ కార్లలో హాయిగా తిరుగుతుంటారు. విధి మాత్రం ఇలాంటి చిన్న పథకాలనే వెతుక్కుంటూ వస్తుంది. దానికీ వేరే పని లేనట్టుంది.

పోశయ్య క్రేన్ అంటే రోడ్డు మీద తిరిగేది కాదు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ నడిచేది. దానికి వేలాడే చిన్న గాజు క్యాబిన్‌లో అతను ఏళ్ల తరబడి కూర్చుంటున్నాడు. అంత ఎత్తుకు ఎక్కి వచ్చి తిట్టే ఓపిక ఏ అధికారికీ ఉండదు. పైగా అక్కడి నుంచి కింద జరిగేదంతా కనబడుతుంది. భోజనం తర్వాత సూపర్‌వైజర్ జనార్ధనరావు ఇనుప రేకుల దొంతర వెనక నిద్రపోవడం కూడా కనబడుతుంది. పైనుంచి చూసేవాడు ఒకడున్నాడని జనార్ధనరావుకు తెలిసిన రోజు నుంచి, పోశయ్య ఆరోగ్యం మీద ఆయనకు ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

బీపీ పరీక్ష రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ జనార్ధనరావు చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. రెండుసార్లూ బీపీ ఎక్కువే చూపించింది. ఇంకోసారి ఇలాగే ఉంటే ఎత్తు మీద పని కుదరదని, కిందికి దింపక తప్పదని డాక్టరు చెప్పాడు. కిందికి అంటే జనార్ధనరావు కిందికి. బరువు తగ్గమని, సైకిల్ తొక్కమని కూడా చెప్పి గడువిచ్చాడు. గడువంతా పోశయ్య సైకిల్ కొనాలా వద్దా అని ఆలోచించాడు. సోమవారం పరీక్ష అనగా శనివారం కొన్నాడు. కొంటేనే సగం బీపీ తగ్గిపోతుందని అతని నమ్మకం.

అది సెకండ్‌హ్యాండ్ రేసు సైకిల్. ఫోన్‌లో ఫోటో చూసి, బావమరిది రమేష్‌ను వెంటబెట్టుకుని ఉప్పల్‌లోనే ఒక అపార్ట్‌మెంటుకు పోయాడు. రమేష్ తోడు రావడానికి కారణం, అతను ఒకప్పుడు పాత స్కూటర్ ఒకటి అమ్మాడు. అమ్మినవాడికి కొనడం కూడా వస్తుందని ఆ ఇంట్లో లెక్క. సైకిల్ అమ్మేది తేజేష్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. టైర్లు వేలి లావున ఉన్నాయి. స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు. అవన్నీ ఎవరు పీక్కుపోయారని రమేష్ అడిగితే, ఇలాంటి సైకిళ్లకు అవి రావని తేజేష్ ఓపికగా చెప్పాడు. పోశయ్య దాన్ని ఒంటిచేత్తో లేపి చూశాడు. పుల్లలా లేచింది. టన్నుల ఇనుము ఎత్తే మనిషికి తేలికైన వస్తువు మీద నమ్మకం కలగదు. లోపల ఏదో తక్కువైందని అనుమానపడ్డాడు.

"ఎన్ని రోజులు తొక్కినవ్ బిడ్డా?" అని అడిగాడు.

"రెండుసార్లే తొక్కిన అంకుల్," అన్నాడు తేజేష్, మోచేతి మీది మచ్చ రుద్దుకుంటూ.

రెండుసార్లే తొక్కిందంటే కొత్తదే అని రమేష్ బావ చెవిలో చెప్పాడు. రెండుసార్లే ఎందుకు తొక్కాడని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. సైకిల్‌తో పాటు బూట్లు కూడా ఉచితమని తేజేష్ అనగానే బేరం కుదిరిపోయింది. ఆ బూట్ల కింద కొక్కెం ఉంటుంది, అది పెడల్‌కు టక్కున తగులుకుంటుంది. విడిపించుకోవాలంటే మడమ బయటికి తిప్పాలి. ముందు ఖాళీ గ్రౌండులో నేర్చుకోమని తేజేష్ మరీ మరీ చెప్పాడు. పోశయ్య డాక్టరు మాటకు తలూపినట్టే దీనికీ తలూపాడు. ఆదివారం ఇంటి గోడ పట్టుకుని కుడికాలు ఒకసారి తగిలించాడు, ఒకసారి విడిపించాడు. ఎడమకాలు మటుకు వేరే రకంగా ఎందుకు ఉంటుందని ఊరుకున్నాడు.

సోమవారం పొద్దున తల్లి సాలమ్మ అడ్డం నిలబడింది. పూజ చేయకుండా ఏ బండీ గడప దాటడానికి వీల్లేదు. అందులోనూ వాడిన బండి. ఎవరి కండ్లు పడ్డాయో ఏమో. ఊళ్లో ఉన్నప్పుడు ఆమె ట్రాక్టరుకు పూజ చేసింది. ట్రాక్టరుకు ఎలా చేసిందో దీనికీ అలాగే చేసింది. పైన పెట్టే కుంకుమ రాలిపోకుండా పసుపును మంచినూనెలో కలిపి, రెండు చక్రాల రిమ్ములకు చుట్టూతా దట్టంగా పట్టించింది. వేలెడంత వెడల్పున్న ఆ రిమ్ము తప్ప పూయడానికి ఆ సైకిల్‌లో ఆమెకు వేరే చోటు దొరకలేదు. ఆ సైకిల్ బ్రేకు రబ్బర్లు పట్టుకునేది కూడా సరిగ్గా ఆ రిమ్మునే. హ్యాండిల్‌కు బంతిపూల దండ కట్టింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది.

భార్య త్రివేణి తన వంతుగా స్కూటర్ హెల్మెట్ తెచ్చి తలకు దిగ్గొట్టింది. అది మొహమంతా మూసేది. పోశయ్య కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు. అతనికి బయటి మాట ఏదీ సరిగ్గా వినబడటం లేదు. సాలమ్మ కొబ్బరికాయ తేవడానికి లోపలికి పోయింది. పూజ అయిపోయిందనుకున్న రమేష్, బావను సీటు మీద ఎక్కించి, "పో బావా," అని వెనక నుంచి తోశాడు. నిమ్మకాయలు చితికాయి. కుడికాలు టక్కుమంది, ఎడమకాలు టక్కుమంది, సైకిల్ గల్లీ దాటింది.

సాలమ్మ కొబ్బరికాయతో బయటికి వచ్చేసరికి వాకిట్లో నిమ్మరసం ఒక్కటే ఉంది.

"కాయ గొట్టకుండ పోతడారా వాడు?" అంది. అన్నాక ఆమె మొహం తెల్లబడింది. కాయ కొట్టకుండా మొదటిసారి రోడ్డెక్కిన బండి ఏమవుతుందో ఆమె దగ్గర చాలా ఉదాహరణలు ఉన్నాయి, అన్నీ దవాఖానాలోనే ముగిసేవి. రమేష్ స్కూటర్ వెనక ఎక్కి కూర్చుని, పోనివ్వమంది. కొబ్బరికాయ చేతిలోనే ఉంది.

మెట్రో స్టేషన్ కింది దాకా పోశయ్యకు అంతా బాగానే ఉంది. గాలి తగులుతోంది. నిజంగానే బీపీ దిగుతున్నట్టు అనిపించింది. అప్పుడు ముందు ఒక సిటీ బస్సు ఆగింది. బ్రేకు పట్టాడు. సైకిల్ పట్టించుకోలేదు. రెండు చేతులతో పిండాడు. నూనె పట్టిన రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు మెత్తగా జారాయి తప్ప చక్రం ఆగలేదు. బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందులోంచి ఎలా బయటపడ్డాడో అతనికి ఇప్పటికీ తెలియదు. కాలు కింద పెడదామంటే కాలు రాదు. మడమ ఎటు తిప్పాలని తేజేష్ చెప్పాడో గుర్తుకు రాలేదు. వేగం తగ్గితే పక్కకు పడిపోతాడు, పక్కన లారీ ఉంది. కాబట్టి పోశయ్య బతకడానికి ఒక్కటే దారి ఉంది, ఆపకుండా తొక్కడం. తొక్కాడు. దారి కూడా పల్లానికి తిరిగి అతనికి సాయం చేసింది, అడగకపోయినా.

వెనక రమేష్ హారన్ కొడుతూ వస్తున్నాడు. సాలమ్మ కొబ్బరికాయ పైకెత్తి, "ఆగురా పోశిగా, ఆగు," అని అరుస్తోంది. హెల్మెట్ లోపల అతనికి ఆ అరుపు ఏదో పెళ్లి బ్యాండులా వినబడుతోంది. ఈ దృశ్యాన్ని విక్రమ్ అనే ఆటో డ్రైవర్ టీ తాగుతూ చూశాడు. ముందు మొహం కప్పుకున్న మనిషి ఖరీదైన సైకిల్ మీద పారిపోతున్నాడు. వెనక ముసలామె చేతికి దొరికిన దాన్నే ఎత్తి, కొట్టడానికి వెంటపడుతోంది. ఏమైందని అడగవచ్చు. కానీ రోడ్డు మీద అడిగి తెలుసుకునే అలవాటు మన జనానికి ఎప్పుడో పోయింది. విక్రమ్ టీ గ్లాసు పెట్టేసి ఆటో తీశాడు. అతన్ని చూసి ఇంకో ఆటో కదిలింది. ఎక్కడో టిఫిన్ ఇచ్చి రావలసిన డెలివరీ కుర్రాళ్లు ఆ పని మానుకుని బండ్లు తిప్పారు. నాచారం దారి పట్టేసరికి పోశయ్య వెనక ఒక చిన్న ఊరేగింపు తయారైంది. ఒకసారి వెనక్కి చూశాడు. తన బ్రేకు పోయిందని తెలిసి ఇంతమంది కాపాడటానికి వస్తున్నారని అతని కళ్లు చెమర్చాయి. జనం మీద అతనికి నమ్మకం కలిగిన సందర్భం జీవితంలో అదొక్కటే, అదీ పొరపాటున.

కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ హన్మయ్య ఉన్నాడు. కార్డు చూపించనిదే కంపెనీ ముసలి ఓనరు కారుకు కూడా గేటు అడ్డకర్ర లేపని మనిషి అతను. పూలదండతో దూసుకొస్తున్న సైకిల్‌ను, దాని వెనక జనాన్ని చూసి, మొదటిసారి అడగకుండా కర్ర లేపాడు.

లోపల ఆవరణలో జనార్ధనరావు వాచీ చూసుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆలస్యంగా వచ్చేవాళ్లను పట్టుకోవడం ఆయనకు రోజూ చేసే వ్యాయామం. ముందు పూలదండ, పసుపు, కుంకుమ. వెనక జనం, హారన్లు, కేకలు. ఎత్తిన చెయ్యి ఒకటి, దాంట్లో ఏదో గుండ్రంగా. ఇంకేముంది, సమ్మె మొదలైందనుకున్నాడు. పోశయ్యను క్రేన్ నుంచి దింపుతున్నారన్న కోపంతో కార్మికులు ఊరంతా కదిలించారనుకున్నాడు. రెండు చేతులూ చాపి ఎదురు వెళ్లాడు.

"ఆగవయ్యా పోశయ్యా, నీ క్రేన్ నీకే. కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు.

కూర్చునే వీలుంటే పోశయ్య ఎప్పుడో కూర్చునేవాడు. సైకిల్ తిన్నగా వచ్చి జనార్ధనరావును కూడా ఎక్కించుకుని, ప్యాకింగ్ సెక్షన్ వాళ్లు పోసిన రంపపు పొట్టు కుప్పలోకి దిగబడింది. చాలాసేపు ఎవరికీ ఏమీ కనబడలేదు. పొట్టు కిందికి దిగాక, పైకి లేచిన చక్రం ఒకటి, తెరిచిన కళ్లు రెండు జతలు కనబడ్డాయి.

సాలమ్మ స్కూటర్ దిగింది. కొడుకు కదులుతున్నాడని చూసుకుంది. ఇంకా ఆలస్యం చేస్తే ఏమవుతుందో అనుకుని, కుప్ప పక్కనున్న బండరాయి దగ్గరికి పోయి కొబ్బరికాయ పైకెత్తింది. ఆ రాయి పక్కనే జనార్ధనరావు తల ఉంది.

"అమ్మా, వద్దమ్మా, పిల్లలున్నవాణ్ణి," అన్నాడు ఆయన సన్నగా.

"నీ తలకాయ నాకెందుకు సారూ," అని సాలమ్మ కాయను రాయి మీద కొట్టింది. రెండు సమానమైన చిప్పలయ్యాయి. గండం గడిచిందని ఆమె అక్కడే కూర్చుండిపోయింది. విక్రమ్ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు.

"దొంగ గాదా?" అన్నాడు.

"నా కొడుకు," అంది సాలమ్మ.

విక్రమ్ మొహం చిన్నబోయింది. వచ్చినందుకు ఒక కొబ్బరి ముక్క తీసుకుని వెళ్లిపోయాడు. మిగతావాళ్లూ తీసుకున్నారు. బూట్లు పెడల్‌కే వదిలేసి, పోశయ్య కాళ్లను బయటికి లాగారు. హన్మయ్య ఇద్దరినీ డిస్పెన్సరీకి నడిపించుకుపోయాడు. సైకిల్ లేపిన రమేష్ తన చేతులు చూసుకున్నాడు. పచ్చగా, జిడ్డుగా ఉన్నాయి. బావ దగ్గరికి పోయి మెల్లగా అసలు సంగతి చెప్పాడు, బ్రేకు మంచిదేనని, అత్తమ్మ నూనె వల్లే జారిందని.

"సప్పుడు జెయ్యకు," అన్నాడు పోశయ్య. "కాయతోనే బతికిన అనుకుంటుంది. అనుకోనియ్యి."

డిస్పెన్సరీలో మంచాలు రెండు, మధ్యలో తెర. పెద్ద గాయాలేమీ లేవు, మోకాళ్లు మాత్రం గీసుకుపోయాయి. అప్పుడు పోశయ్యకు అసలు పని గుర్తుకొచ్చింది. ఇన్ని గండాలు దాటిన రోజే బీపీ చూస్తారట. ఇంకేం క్రేన్, ఇంకేం క్యాబిన్. ఇవాళ్టితో కిందికే. నర్సు కమలకుమారి కాసేపు పడుకోబెట్టి, తర్వాత చేతికి బీపీ పట్టీ చుట్టింది. పోశయ్య అలవాటు కొద్దీ పక్కకు చూశాడు. చేతులు కట్టుకుని నిలబడే మనిషి అక్కడ లేడు. తెర అవతల మూలుగుతున్నాడు. పోశయ్యకు ఊపిరి చాలా లోపలి దాకా పోయింది. బస్సు తప్పింది, లారీ తప్పింది, కొబ్బరికాయ కూడా తప్పింది. ఇక భయపడటానికి లోకంలో ఏమీ మిగల్లేదనిపించింది.

కమలకుమారి ఒకసారి చూసింది. నమ్మకం లేక మళ్లీ చూసింది. డాక్టరును పిలిచింది. డాక్టరు కాసేపాగి మరోసారి చూశాడు.

"మంచిగుంది," అన్నాడు. "పోయి క్రేన్ ఎక్కు."

పోశయ్య మంచం మీద అలాగే కూర్చుని, ఎవరూ చూడకుండా హెల్మెట్ మళ్లీ తలకు పెట్టుకుని, దాని లోపల కాసేపు ఏడ్చాడు. కమలకుమారి మటుకు ఆ పట్టీని తెర అవతలికి తీసుకుపోయింది. కాసేపటికి డాక్టరు గొంతు వినబడింది. ఉప్పు మానెయ్యాలని, ఎవరి నెత్తి మీదా నిలబడి అరవకూడదని, రోజూ కొంచెం సైకిల్ తొక్కితే మంచిదని జనార్ధనరావుకు చెబుతున్నాడు.

ఆ వారమంతా పోశయ్య పైనుంచి షెడ్డును చూశాడు. అంత అందమైన షెడ్డు నాచారంలో ఇంకోటి లేదనిపించింది. సైకిల్ ఇంట్లో గోడకు ఆనించి ఉంది. దాని ముందు నుంచి పోవలసి వస్తే పోశయ్య మొహం తిప్పుకుని పోతున్నాడు. ఆదివారం పొద్దున గేటు చప్పుడైంది. జనార్ధనరావు వచ్చాడు. కొత్తది కొనడం ఎందుకని, ఇదే ఇచ్చేస్తావేమోనని మొహమాటంగా అడిగాడు. టైరు నొక్కి చూశాడు. ఒంటిచేత్తో లేపి చూసి, తేలిగ్గా ఉందని సంతోషించాడు.

"ఎన్నాళ్లు తొక్కావు?" అని అడిగాడు.

"ఒక్కసారే తొక్కిన సార్. కొత్తదే," అన్నాడు పోశయ్య. "బూట్లు కూడ ఇస్త."

లోపల సాలమ్మ అప్పటికే గిన్నెలో పసుపు, నూనె కలుపుతోంది. ఈసారి ముందుగానే కొబ్బరికాయ తీసి గడప మీద పెట్టింది. పోశయ్య ఆమెకేమీ అడ్డం చెప్పకుండా, నిమ్మకాయలు తేవడానికి నడుచుకుంటూ కొట్టుకు బయలుదేరాడు.