గుండుతో ఇంటర్వ్యూ

ఆ రోజు పొద్దున మునిలక్ష్మి అనుకున్నది చాలా సులువైన పని. నడుము దాటిన జడలో మల్లెపూలు తురుముకోవాలి, తిరుపతి బజారులో దేవరాజులు చీరల కొట్టుకు ఇంటర్వ్యూకు వెళ్ళాలి, ఉద్యోగం పట్టుకురావాలి. అది తప్పిందంటే పలమనేరులో మేనత్త ఇంట్లో ఆవుల కొట్టం ఊడ్వడమే గతి. అంతా సిద్ధంగానే ఉంది, జడ ఒక్కటే లేదు. ఇంటర్వ్యూకు పిలుపొస్తే కూతురి తలనీలాలు ఇస్తానని వాళ్ళమ్మ గంగులమ్మ మొక్కుకుని, ముందురోజే తిరుమలకు తీసుకెళ్ళి నున్నగా గుండు కొట్టించింది.

"మొక్కింది నువ్వు కదమ్మా, గుండు నాకెందుకే?"

"ఉద్యోగం నీకే కదా! మొక్కు తీర్చకుండా పోతే అది నిలుస్తాదా?"

చేసేది లేక, గంధం పూసిన గుండుతోనే మునిలక్ష్మి బయలుదేరింది. కొట్లో కాలు పెట్టగానే మేనేజరు సుకుమార్ పరుగున ఎదురొచ్చాడు. గుండు కనిపిస్తే పొరుగూరి భక్తులని, భక్తులంటే మంచి బేరమని అతని లెక్క.

"రండమ్మా! దర్శనం బాగా అయిందా? కూర్చోండి, కూల్‌డ్రింక్ తాగండి."

"అన్నా, నేను ఉద్యోగానికి వచ్చినాను."

"గుండుతో ఉద్యోగానికా? భలే పరాచికాలాడతారే! ఈ పట్టుచీర సూడండి."

ఆమె కాదన్న కొద్దీ చీరలు గుట్టపడ్డాయి. చివరికి ఫోన్‌కు వచ్చిన పిలుపు తీసి చూపించింది. సుకుమార్ ముఖం మాడిపోయింది. సగం తాగిన సీసా లాక్కుని, ఆమెను ఆ పక్కనే గల్లాపెట్టె దగ్గరున్న యజమాని దేవరాజులు ముందు నిలబెట్టాడు.

దేవరాజులు ఎగాదిగా చూశాడు. "మా కొట్లో నిలబడే పిల్ల లక్షణంగా ఉండాల. జుట్టు పెరిగినాక రా పో."

"చీరలు చేత్తో మడత పెడతారా, జడతోనా సార్?"

"పొమ్మంటే అర్థం కాదా?"

"పని చూసి పొమ్మనండి, పోతాను." మునిలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కాళ్ళు మాత్రం కదల్లేదు.

అంతలో కదిరి బస్సు దిగిన ఆడవాళ్ళ గుంపొకటి లోపలికొచ్చింది. అందరివీ గుండ్లే. చీరల గుట్ట పక్కన మరో గుండు కనబడేసరికి తమలాంటి భక్తురాలే అనుకుని చుట్టుముట్టారు. అమ్మేవాళ్ళ మాట కన్నా కొనేవాళ్ళ మాట మీద ఎవరికైనా గురి ఎక్కువ.

"ఏమ్మా, ఈ చీర ఎట్లుండాది?"

"అది వద్దక్కా, ఒక్క ఉతుక్కే రంగు పోతాది. ఇది తీసుకోండి, నేత గట్టిగా ఉండాది."

దేవరాజులుకు గుండె ఆగినంత పనైంది. కానీ ఆ గట్టి చీరలే కొట్లో ఖరీదైనవి. ఆడవాళ్ళు వాటినే చేతుల నిండా ఏరుకున్నారు. వాళ్ళలో పెద్దావిడ సుబ్బులమ్మ అడిగింది.

"నువ్వేం కొన్నావమ్మా?"

"కొనేదానికి రాలేదక్కా, పనికోసం వచ్చినాను. గుండుండాదని వద్దంటా ఉండారు."

సుబ్బులమ్మ చీరలన్నీ బల్లమీద పడేసింది. "ఏమప్పా, గుండు లక్షణం కాదా? అట్లయితే మేమీడ ఎందుకు కొనాల?" మిగతావాళ్ళూ తమ చేతుల్లోవి పడేశారు.

దేవరాజులు ఒక్క ఉదుటున లేచాడు. "అయ్యో, ఎవరన్నారు తల్లీ! ఒరే సుకుమార్, నీకు బుద్ధుండాదా? ఈ పాపను ఈ పొద్దే పనిలో పెట్టుకోమని చెప్పలా?"

సాయంత్రానికి అమ్మకం చూసుకుని మురిసిపోయిన దేవరాజులు మునిలక్ష్మిని పక్కకు పిలిచాడు.

"జీతం నువ్వడిగినంత ఇస్తా. జుట్టు మాత్రం పెంచొద్దు."

"జుట్టూ పెంచుకుంటాను, పనీ చేస్తాను సార్. ఇష్టమైతేనే ఉంటా."

ఆయన కాదనలేక తలూపాడు.

మరుసటి వారం సుకుమార్ నున్నటి గుండుతో కొట్టుకు వచ్చాడు. అది ఏం మొక్కో ఎవరూ అడగలేదు.