దేవుడి మామగారి సినిమా

నంద్యాలలో అద్దెగదిలో అంకన్న, లచ్చిమి దంపతులు కొత్తగా కొన్న కిరసనాయిలు స్టవ్వు ముందు కూర్చుని, నీలిమంట వచ్చినందుకు ఒకరినొకరు మెచ్చుకుంటున్న సమయంలో శుభవార్త వచ్చింది. అది జీపులో వచ్చింది. జీపులోంచి రంగయ్యగారు దిగారు.

రంగయ్యగారికి నంద్యాలలో బియ్యం మిల్లు ఉంది. దానితోపాటు సాంస్కృతిక పునరుజ్జీవన సంఘం అధ్యక్ష పదవి కూడా ఉంది. మిల్లు వడ్లను ఏం చేస్తుందో సంఘం సంస్కృతిని అదే చేస్తుంది. వడ్లు వడ్లలాగే ఉంటే ఎవరు తింటారు?

ఆదివాసుల చరిత్రను ఆదివాసులే సినిమాగా తీసుకోవాలని పైవాళ్లు నిర్ణయించారనీ, ఆ మహదవకాశాన్ని ఆదివాసుల తరఫున సంఘం స్వీకరించిందనీ ఆయన గడపలోనే నిలబడి ప్రకటించారు. అహోబిలం దగ్గరి చెంచుగూడెం మొత్తానికి బి.ఏ. చదివినవాడు అంకన్న ఒక్కడే కనుక డైరెక్టరు అతడే. జీపు వెళ్లాక లచ్చిమి డైరెక్టరంటే ఏం చేస్తాడని అడిగింది. సినిమాకు ముందు పేర్లు పడతాయి గదా, వాటిలో అందరికన్నా చివర పడేవాడని అంకన్న చెప్పాడు. చివరన పడేవాడు గొప్పవాడెట్లా అవుతాడో ఆమెకు అర్థం కాలేదు గానీ, మొగుడు నవ్వుతున్నాడు కనుక తనూ నవ్వింది. సంతోషంలో అన్నం అడుగంటింది. అదీ బాగానే ఉందని ఇద్దరూ తిన్నారు.

అంకన్న ఒప్పుకున్నది పేరు కోసం కాదు, వాళ్ల నాయన మల్లన్న కోసం. అహోబిలం నరసింహస్వామి చెంచుల ఆడపిల్లను చేసుకున్నాడు కనుక ఆయన వాళ్లకు అల్లుడు. ఈ సంగతి అందరికీ తెలుసు. మల్లన్న మాత్రం దాన్ని పురాణంలా చెప్పడు, నిన్న ఇంట్లో జరిగిన గొడవలా చెప్తాడు. అల్లుడు దేనికి అలిగాడో, ఏం పెడితే తిన్నాడో, అత్త ఎన్ని మాటలు అనిందో అన్నీ చెప్తాడు. ఆయన తర్వాత ఆ తీరున చెప్పేవాడు గూడెంలో లేడు. దగ్గు చూడబోతే ముదురుతోంది. నాయన నోట నాయన మాట ఒక్కసారి సినిమాకు ఎక్కితే చాలని అంకన్న ఆశ.

సంఘం ముందుగా గూడేన్ని పరిశీలించింది. మల్లన్న, కొడుకు పెళ్లికి పెట్టిన టెర్లిన్ చొక్కాలో ఉన్నాడు. ఒక చెట్టు కొమ్మకు ట్రాన్సిస్టరు వేలాడుతోంది. చెంచులలో చెంచుతనం విచారకరంగా లోపించినట్లు సంఘం గుర్తించి, ఆళ్లగడ్డ నాటకాల కంపెనీ నుంచి చెంచులను తెప్పించింది. వాళ్లకు ఆకుల లంగోటాలు, నెమలి ఈకలు సొంతంగా ఉన్నాయి. ఒళ్లంతా మసి పూసుకోవడానికీ అభ్యంతరం లేదు. అసలు చెంచులు చెట్ల కింద కూర్చుని తమ పూర్వీకులను ఆసక్తిగా చూశారు.

కెమెరా పట్టింది నంద్యాల ఫోటో స్టూడియో సామ్యేలు. మంచివాడు. ఇన్నేళ్లూ పెళ్లిళ్లు తీసిన చేయి కనుక, "గడ్డం పైకి, కండ్లు ఈడ, కొంచెం నవ్వల్ల" అనకుండా మీట నొక్కలేడు. అందుచేత సినిమాలో చెంచులు ఎలుగుబంటి తరుముతున్నా గడ్డం పైకెత్తి నవ్వుతూ పరుగెత్తారు. డైరెక్టరు అంకన్న కెమెరాకు ఎండ తగలకుండా గొడుగు పట్టుకొని దర్శకత్వం వహించాడు.

స్వామి వేటకని గూడేలకు వచ్చే పారువేట ఘట్టంలో మల్లన్నకు ఒక అవకాశం ఇచ్చారు. పల్లకీలో స్వామి వస్తాడు, ముసలి చెంచు సాష్టాంగపడి నాగరికత ప్రసాదించమని వేడుకుంటాడు. మల్లన్న పడలేదు.

"అల్లుని కాళ్ల మీద మామ పడేదేందప్పా? మేం పల్లకీకి అడ్డం నిలబడి అంబులేస్తాం. మా పిల్లను బాగా చూసుకుంటాండావా లేదా అని అడగతాం."

దేవుడి మీద బాణాలు వేస్తే భక్తుల మనసు నొచ్చుకుంటుందనీ, చెంచులకు తమ సంస్కృతి మీద సరైన అవగాహన లేకపోవడం వల్లనే ఇటువంటి సినిమా అవసరమయిందనీ రంగయ్యగారు జాలిగా వివరించారు. నాటకాలవాళ్లు సాష్టాంగపడ్డారు. లేచేటప్పుడు నవ్వారు.

అప్పుడు అంకన్న గొడుగు దించాడు. "సార్, మా నాయన కథ ఒక్కటి తీయనీండి. నాకింకేమీ వద్దు" అన్నాడు. రంగయ్యగారు ఉదారులు. మిగిలిన రీలు ఇచ్చారు.

మల్లన్న గుడిసె ముందర కూర్చుని చెప్పాడు. దగ్గుకు దగ్గుకు మధ్య అల్లుణ్ణి తిట్టాడు, వెనకేసుకొచ్చాడు, మళ్లీ తిట్టాడు. లచ్చిమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాటకాల చెంచులు బీడీలు ఆరిపోయినా చూసుకోలేదు. సామ్యేలు మొదటిసారి ఎవరినీ నవ్వమనడం మరిచిపోయాడు. ఆ సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు బస్సులో భార్యాభర్తలు వేయించిన శనక్కాయలు పంచుకుని తిన్నారు. లోకంలో ఇంత రుచిగల శనక్కాయలు మరెక్కడా ఉండవని ఇద్దరికీ అనిపించింది.

ఆ కెమెరాకు బొమ్మే పడుతుంది, మాట పడదు. మాట తర్వాత మద్రాసులో కలుపుతారు. ఎంత పెద్ద హీరోకైనా అంతేనని సామ్యేలు చెప్తే అంకన్న మద్రాసు ప్రయాణానికని నాయనకు కొత్త పంచె కొన్నాడు. దగ్గుతో ముసలాయన అంత దూరం ఏం వస్తాడని రంగయ్యగారు తామే శ్రమపడి మద్రాసు వెళ్లివచ్చారు.

నంద్యాలలో సినిమా వేసిన రోజు హాలు కిటకిటలాడింది. కొత్త పంచెలో మల్లన్న ముందు వరుసలో కూర్చున్నాడు. తెర నిండా ఆయన ముఖం వచ్చింది. నోరు తెరిచింది. అందులోంచి రంగయ్యగారి గొంతు పలికింది: "ఓ నాగరిక మహాశయులారా! అజ్ఞానాంధకారమున కొట్టుమిట్టాడు మా జాతిని ఉద్ధరింప సాంస్కృతిక పునరుజ్జీవన సంఘమువారు విచ్చేసిన ఈ శుభదినమున..." మల్లన్న దగ్గిన చోటల్లా గొంతు "ఆహా" అంది.

స్వచ్ఛమైన చెంచు పలుకుబడి ఈనాటికైనా వినగలిగామని వెనుక వరుసలో ఒక తెలుగు లెక్చరరు కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవురుమ్మా ఆ ముసలాయప్ప?" అని మల్లన్న కోడల్ని అడిగాడు. "అచ్చం నా మాదిరే ఉండాడు. పాపం, ఏం కష్టమొచ్చిందో, మిల్లు సావుకారి మాదిరి మాట్లాడతాండాడు."

లచ్చిమి మొగుడి వైపు తిరిగి, "మామ నోట్లోకి ఈయప్పను ఎట్ల దూర్చినారు?" అంది.

దీపాలు వెలిగాక రంగయ్యగారు వేదిక ఎక్కి మరో శుభవార్త చెప్పారు. సినిమా చూసి ముగ్ధులైన పెద్దలు ఆ చెంచు వృద్ధుణ్ణి స్వయంగా వినడానికి ఢిల్లీ నుంచి వస్తున్నారు. ఆయన సినిమాలోలాగా మాట్లాడకపోతే అసలు చెంచు కాడని అనుమానపడే ప్రమాదం ఉంది. కనుక ఆ ప్రసంగాన్ని ఆయనకు కంఠతా వచ్చేలా నేర్పే బాధ్యత డైరెక్టరుకు అప్పగించడమైనది. చప్పట్లు మోగాయి. తన చేతులు కూడా కొడుతున్న సంగతి, లచ్చిమి వాటిని పట్టి విడదీసేదాకా అంకన్నకు తెలియలేదు.

అంకన్న విషయం చెవిలో చెప్తే మల్లన్న ఖాళీ తెర వైపు చూశాడు.

"నా నోట్లో రెండూ పట్టవురా అంకా" అన్నాడు. "ఏదో ఒకటే."

అంకన్న ఏదో అనబోయాడు గానీ అప్పటికే మైకు ప్రకటిస్తోంది. రేపు ఉదయం ఏడు గంటలకు చెంచుగూడెంలో, మల్లన్నకు మల్లన్నలాగా మాట్లాడడం నేర్పే కార్యక్రమం. కళాభిమానులకు బస్సు ఉచితం. చప్పట్లు గట్టిగా కొట్టినవారికి ముందు సీట్లు. కిటికీ పక్కన మీకూ ఒకటి ఉంచారు.