ముప్ఫై సెకన్ల పాత గోడ

పాఠకులారా, మన కృష్ణా డెల్టాలో పాతదనేది ఏదీ మిగలకపోవడం మన అదృష్టం! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఇరవై రోజులు ఊళ్ళు తిరిగి, డీజిల్ తగలేసి, ఒక జత చెప్పులు అరగదీసి మరీ అంటున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నాకు భవానీపురంలో పెయింట్ల షాపుంది. అయితే ఇందులో నీకేదో స్వార్థం ఉందన్నమాట అని మీరు అనవచ్చు. ఉంది. డాక్టరు ఆరోగ్యం గురించి మాట్లాడితే మీరు స్వార్థం అంటారా? నేను గోడల గురించి మాట్లాడితే మాత్రం ఎందుకనాలి? పాత గోడ కనిపిస్తే నాకు చెయ్యి ఊరుకోదు. పక్కన ఎవరున్నా సరే, రంగుల నమూనాలుండే షేడ్ కార్డు తీసి చూపించేస్తాను. ఒకసారి పరామర్శకి వెళ్ళిన ఇంట్లో కూడా చూపించాను, వాళ్ళు తర్వాత రెండు బకెట్లు కొన్నారు.

ఇక విషయానికొస్తాను. మా మేనకోడలు మనోజ్ఞ సినిమా కోర్సు ఆఖరి సంవత్సరంలో ఉంది. ఆఖర్లో ప్రతి విద్యార్థీ ఇరవై నిమిషాల సినిమా ఒకటి తీసి చూపించాలి. మిగతా పిల్లలు బుద్ధిమంతులు. ఒకడు హాస్టల్ గదిలో దెయ్యం సినిమా తీశాడు. ఇంకొకడు ప్రేమ పుట్టడం, విరగడం రెండూ ఒకే బెంచీ మీద పూర్తి చేశాడు. మా పిల్ల మాత్రం వెయ్యీ తొమ్మిది వందల యాభై మూడులో జరిగే కథ రాసుకుంది! చేతిలో ఉన్నది నలభై వేలు. ఆ డబ్బుతో యాభై మూడుకి కాదు కదా, కరోనా ముందుకి కూడా వెళ్ళలేం.

కథ మా అమ్మదే. మేము నేతవాళ్ళం. మా నాన్నకి జబ్బు చేసి మగ్గం ఆగిపోయినప్పుడు, అప్పటిదాకా వీధి చివర దాకా కూడా ఒంటరిగా వెళ్ళని మా అమ్మ, చీరల మూట నెత్తిన పెట్టుకుని ఒక్కతే సంతకి బయల్దేరింది. అంతే కథ. ఆవిడ ఆ రోజు అలా గడప దాటకపోతే మా నాన్న బతికేవాడు కాదు, తర్వాత రంగుల కొట్టు పెట్టేవాడూ కాదు, నేను ఇక్కడ కూర్చుని మీకు కాలమ్ రాసేవాణ్ణీ కాదు.

మనోజ్ఞ వాళ్ళ సారు ఒక షరతు పెట్టారు. సినిమాలో ఎక్కడో ఒకచోట, ముప్ఫై సెకన్ల పాటు ఆపకుండా తీసిన వైడ్ షాట్ ఒకటి ఉండాలట. అంటే కెమెరా దూరంగా పెట్టి, ఇల్లూ వీధీ మనిషీ మొత్తం కనిపించేలా తీయాలి. అది లేకపోతే పాస్ చేయరు, మళ్ళీ ఏడాది చదవాలి. అప్పటికి నాలుగో సోమవారానికల్లా సినిమా ఇచ్చేయాలి.

ముప్ఫై సెకన్లంటే ఎంతండీ? బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే మనం అంతకన్నా ఎక్కువసేపు తిట్టుకుంటాం. ఆ మాత్రం పాతకాలం దొరకదా అనుకుని నా కారులో మనోజ్ఞనీ, కెమెరా పట్టుకునే జయంత్‌నీ, మా అమ్మ వేషం వేసే ప్రత్యూషనీ ఎక్కించుకుని బయల్దేరాను.

మొదట వన్‌టౌన్ సందులు చూశాం. పాత మేడ ఉన్నచోట దాని నిండా కేబుల్ వైర్లున్నాయి. వైర్లు లేనిచోట కాలేజీ హోర్డింగులున్నాయి. విజయవాడలో కెమెరా ఎటు తిప్పినా ఫ్రేములోకి ఒక ర్యాంకరు వచ్చి నిలబడతాడు. మూట మోసుకెళ్తున్న నేతగత్తె వెనకాల, ఫిజిక్సులో నూటికి నూరు తెచ్చుకున్న కుర్రాడు బొటనవేలు చూపిస్తూ నవ్వుతున్నాడు. ప్రోత్సాహకరంగా ఉంది కదా, ఉంచెయ్యమన్నాను. మనోజ్ఞ కెమెరా కట్టేయించి కారెక్కేసింది.

కాలువ గట్టుకి వెళ్ళాం. అక్కడ ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, పోయిన ఏడాదిది. పామర్రు వైపు చేలలోకి వెళ్ళాం. పచ్చటి వరి చేను, పైన నీలాకాశం, మధ్యలో సెల్ టవరు. టవరు తప్పించి పక్కకి జరిగితే ఇంకో కంపెనీ టవరు. రెండూ తప్పించి కెమెరా పైకెత్తితే గన్నవరంలో దిగబోతున్న విమానం. ఇంతకన్నా అభివృద్ధి ఏ ఫ్రేములో కనబడుతుంది చెప్పండి?

దీనివల్ల మన పిల్లలకి ఎంత మేలు జరుగుతోందో ఎవరూ గమనించడం లేదు. వైడ్ షాట్ దొరక్క జయంత్ అన్నీ క్లోజప్పులే తీశాడు. మూట ముడి తీశాడు. కాళ్ళు తీశాడు. ప్రత్యూష చెవి ఒక్కటీ నాలుగు నిమిషాలు తీశాడు. పెద్ద పెద్ద డైరెక్టర్లకి ఒక చెవి మీద ఇంత శ్రద్ధ ఎక్కడిది? పాతిళ్ళన్నీ ఉండుంటే ఈ కుర్రాడు ఆ చెవిని జన్మలో పట్టించుకునేవాడు కాదు.

పంతొమ్మిదో రోజున, పామర్రు దాటాక లోపలికున్న ఒక పల్లెలో ఇల్లు దొరికింది. పెంకుటిల్లు, ముందు అరుగు, చెక్క స్తంభాలు, పెచ్చులూడిన సున్నం గోడ. ఇంటి యజమాని బసవయ్య గారిదీ ఒకప్పుడు నేత కుటుంబమే. ఆయన, తొంభైకి దగ్గరపడ్డ వాళ్ళమ్మ వెంకటరావమ్మ గారు ఉంటున్నారు. మనోజ్ఞ ఆ గోడ ముందు నిలబడి చేతులు కట్టుకుంది. నాకైతే ఆ గోడని చూడగానే ఒళ్ళు జలదరించింది, ముప్ఫై ఏళ్ళుగా ఒక్క కోటింగు కూడా పడని గోడ అది.

అద్దె ఎంతని అడిగితే బసవయ్య గారు నొచ్చుకున్నారు.

"మన పిల్ల సినిమాకి అద్దేంటండీ, షావుకారు గారూ? శనివారం రండి, భోజనాలు కూడా ఇక్కడే" అన్నారు.

అంత మర్యాద చేసిన మనిషికి మనం ఏదో ఒకటి చేయాలి కదా? షాపుకి రాగానే నాలుగు బకెట్లు ఆ ఊరు పంపించాను. మామూలు సరుకు కాదు, మరకలు అంటని రకం, కంపెనీ పదేళ్ళ వారంటీ ఇస్తుంది. షూటింగ్ అయ్యాక వేయించుకోమని చెప్పావా అని తర్వాత అందరూ అడిగారు. చెప్పలేదు. స్వీట్లు పంపినవాడు ఎప్పుడు తినాలో చెబుతాడా?

మీరు మన జిల్లావాళ్ళయితే తర్వాత ఏం జరిగిందో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. మన దగ్గర నలుగురు ఇంటికొస్తున్నారంటే గోడకి రంగు పడాల్సిందే. పెళ్ళికి వేస్తాం, పెళ్ళిచూపులకి వేస్తాం, ఓణీల ఫంక్షన్‌కి వేస్తాం. మరి సినిమావాళ్ళు వస్తుంటే?

శనివారం పొద్దున్న కారు దిగేసరికి ఆ ఇల్లు పిస్తా రంగులో మెరిసిపోతోంది. స్తంభాలకి మెరూన్. చూరు పొడుగునా లైట్ల తోరణం, పగటిపూట కూడా మినుకుమినుకుమంటోంది. వాకిట్లో "సినీ బృందానికి సుస్వాగతం" అని ఫ్లెక్సీ, అందులో మనోజ్ఞ ఫోటో చిన్నది, నా ఫోటో పెద్దది. వెంకటరావమ్మ గారు కొత్త పట్టుచీర కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు.

"ఎట్టా ఉందండీ?" అన్నారు బసవయ్య గారు. ఆయన మొహంలో ఆనందం చూసి తీరాలి. "ముగ్గురు మనుషుల్ని పెట్టి రెండు రోజుల్లో లేపేశాను. పాతిల్లు కెమెరాలో పడితే మన పిల్లకి నామోషీ కదండీ."

మనోజ్ఞ ఆయనతో "చాలా బాగుందండీ" అంది. ఆ మర్యాద వాళ్ళ అమ్మమ్మ నేర్పింది. తర్వాత కారు వెనక్కి వెళ్ళి కాసేపు రాలేదు.

వచ్చాక ధైర్యం తెచ్చుకుంది. ఫ్లెక్సీ తీసేశారు, లైట్లు తీసేశారు. కొత్త గోడని పాతది చేద్దామని జయంత్ రెండు బకెట్ల టీ డికాక్షన్ కాయించాడు. సినిమావాళ్ళు అలాగే చేస్తారట. గోడ మీద పోశారు. జారిపోయింది. బూడిద కలిపి పోశారు, అదీ జారిపోయింది. పసుపు నీళ్ళు, బురద, కుండల అడుగున మసి, ఏది పూసినా రెండు నిమిషాలు ఉండి మెల్లగా నేల మీదికి దిగిపోయింది. తప్పని తెలిసినా దాచుకోలేను, నాకు ఆ క్షణంలో గర్వంగా అనిపించింది. మసి కూడా నిలవని రకమని కంపెనీ బ్రోచర్లో రాశారు గానీ నేనే అంతగా నమ్మలేదు.

ఎక్కడైనా ఒక మరక పొరపాటున నిలిస్తే, వెంకటరావమ్మ గారు తడిగుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచేస్తున్నారు.

"కొత్త గోడ తల్లీ, మరకలు పడనివ్వకూడదు" అని మనోజ్ఞకి బుద్ధి కూడా చెప్పారు.

మధ్యాహ్నం మూడయింది. ప్రత్యూష పొద్దుటి నుంచీ నెత్తి మీద మూటతో సిద్ధంగా ఉంది. ఐదున్నర దాటితే వెలుతురు ఉండదని జయంత్ అప్పటికే నాలుగుసార్లు చెప్పాడు. ఆదివారమంతా ఎడిటింగ్ చేస్తే గానీ సోమవారానికి అందదు. ఊరు ఊరంతా వచ్చి చుట్టూ నిలబడింది. వాళ్ళలో సగం మంది నా షాపు ఖాతాదారులే.

మనోజ్ఞ నా పక్కన అరుగు మీద కూలబడింది.

"కథ మార్చేస్తాను మావయ్యా" అంది. "అమ్మమ్మ బయటికి వెళ్దామనుకుంటుంది, గడప దాకా వస్తుంది, ఆగిపోతుంది. లోపలి గదిలోనే తీసేస్తాను. సారు ఒప్పుకోకపోతే ఇంకో ఏడాది చదువుతాను, ఏముంది."

పాఠకులారా, కొత్త రంగుకి నేను ఎంత వీరాభిమానినో మీకు చెప్పాను. కానీ మా అమ్మ గడప దాకా వచ్చి ఆగిపోవడమేమిటి? ఆగిపోలేదే! ఆ మూటతో ఆవిడ ఆరు మైళ్ళు నడిచింది, చీరలన్నీ అమ్ముకుని మళ్ళీ ఆరు మైళ్ళు నడిచి వచ్చింది. నా నాలుగు బకెట్ల కోసం ఆవిణ్ణి లోపల కూర్చోబెడతారా?

ఇప్పుడు మీకొక వ్యాపార రహస్యం చెబుతాను. మళ్ళీ ఎవరితోనూ అనకండి. సున్నం గోడని గీకకుండా, అడుగుపూతగా ప్రైమర్ కొట్టకుండా ఈ ఖరీదైన పెయింట్ వేస్తే, అది గోడని పట్టుకోదు. ఊరికే ఆనుకుని ఉంటుంది. ఆ ముగ్గురు మనుషులూ రెండు రోజుల్లో గీకనూ లేదు, ప్రైమర్ కొట్టనూ లేదు. పైగా డికాక్షన్ కొంత పెయింటు వెనక్కి దిగి, కిటికీ పక్కన ఒక మూల చిన్నగా ఉబ్బింది. ఆ ఉబ్బుని నేను ఒంటిగంటకే చూశాను, చూసి దానికి అడ్డంగా అరుగు మీద కూర్చున్నాను. రెండు గంటలపాటు ఎవరికీ కనబడనివ్వలేదు. అంతమంది ఖాతాదారుల ముందు, పదేళ్ళ వారంటీ ఐదో రోజున ఊడితే నా వ్యాపారం ఏం కాను?

లేచాను. ఆ మూల గోటితో పట్టుకుని లాగాను.

పెనం మీంచి దోసె లేచినట్టు, పిస్తా రంగు పొర చాపంత పొడుగున లేచి నా చేతిలోకి వచ్చింది. జనంలోంచి ఒకాయన, "షావుకారు గారూ, మా ఇంటికేసిందీ ఇదేనా?" అని అడిగారు.

"ఇదేనండీ" అన్నాను. ఏం చెయ్యను, అబద్ధం ఆడదామంటే చేతిలో సాక్ష్యం వేలాడుతోంది.

ఆ తర్వాత నేను చెప్పకుండానే అందరూ తలో చెయ్యి వేశారు. పిల్లలు, పెద్దలు, బసవయ్య గారు కూడా. రంగుతోపాటు పైపై సున్నం కూడా పొరలుగా రాలింది. ఎదుటి గోడ సగం లాగేసరికి అడుగున ఎర్రమట్టి గీతలు బయటపడ్డాయి. ఒక తీగ, దాని చివర రెండు చిలకలు, పక్కన నాలుగు తెల్ల చుక్కలు. మనోజ్ఞ చెయ్యి పైకెత్తింది, అందరూ ఆగిపోయారు.

వెంకటరావమ్మ గారు తడిగుడ్డతో దగ్గరికొచ్చారు. ఈసారి తుడవలేదు.

"ఇది నేనేసిందే" అన్నారు. "కాపరానికొచ్చిన ఏడు. మా అత్తగారు రెండో చిలక్కి ముక్కు వంకరపోయిందన్నారు."

బసవయ్య గారు చిలకనీ తల్లినీ మార్చి మార్చి చూశారు. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నారు.

"నువ్వెప్పుడూ అడగలేదు కదరా. అడిగేలోపు మీ నాయన సున్నం కొట్టించాడు."

మెరూన్ స్తంభాలకీ మిగిలిన పిస్తాకీ పాత చాపలు అడ్డం కట్టించి, ఐదూ ఇరవైకి జయంత్ కెమెరా వీధి అవతల పెట్టాడు. మేమంతా దాని వెనకాల చేరాం. వెంకటరావమ్మ గారికి కుర్చీ వేశాం. ప్రత్యూష మూటతో గడప దాటింది. అరుగు దిగింది. చిలకల ముందు నుంచి నడిచి, మలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి చూసి వెళ్ళిపోయింది. మా అమ్మ నడక అది కాదు, ఆవిడ ఇంకా గబగబా నడిచేది. అయినా ఇరవయ్యో సెకను దగ్గర నేను అద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ముప్ఫై సెకన్లలో ఒక్క ఫోనూ మోగలేదు, ఒక్క ర్యాంకరూ ఫ్రేములోకి రాలేదు.

మనోజ్ఞ పాసయింది. నేనే ఇరుక్కున్నాను. ఆ ఊరినుంచి ఇప్పటిదాకా పదకొండు ఇళ్ళవాళ్ళు గోళ్ళతో పరీక్ష చేసుకుని ఫోన్ చేశారు. వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

మొన్న బసవయ్య గారే ఫోన్ చేశారు.

"గోడ అట్టా సగం సగం ఉంటే చుట్టాలు నవ్వుతున్నారండీ. ఇంకో నాలుగు బకెట్లు పంపండి, ఈసారి గీకించి, ప్రైమర్ కొట్టించి గట్టిగా వేయిస్తాను. అమ్మేమో రోజూ ఆ గోడకెదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంటోంది, ఎండ తగులుతున్నా లేవట్లేదు."

పిస్తా స్టాకు లేదండీ అన్నాను. పోనీ గంధం రంగన్నారు. కంపెనీ మానేసిందన్నాను. నీలం? అదీ మానేసింది. ఏదుంటే అది పంపమన్నారు. ఏదీ లేదన్నాను. నేను కూర్చున్న కుర్చీ వెనక మూడు వందల బకెట్లున్నాయి.

అది ఆ ఒక్క ఇంటి సంగతి. మీరు మాత్రం తప్పకుండా రండి, ఆదివారాలు కూడా షాపు తెరిచే ఉంటుంది. కాకపోతే బయల్దేరేముందు ఆ గోడ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి అడగండి. అడిగాక మీరు రాకపోయినా నేనేమీ అనుకోను.