వీధి చివర నెప్ట్యూన్

ఆ పొద్దున టీచరమ్మ అనుకున్న పని చిన్నదే. సౌరకుటుంబం ఎంత పెద్దదో మూడో తరగతి పిల్లలకి చూపించాలి. ఆ పాఠం చూడడానికి స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఆయనకి నచ్చితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే ఇంటికే.

పుస్తకంలోని బొమ్మంటే ఆమెకి గిట్టదు. అందులో గ్రహాలన్నీ బస్సులో సీటు దొరకనివాళ్ళలా ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి. కూర్చుని లెక్క వేసింది. సూర్యుడు ఫుట్‌బాల్ అయితే భూమి ఆవగింజ, బడి ఆవరణలోనే ఇమిడిపోతుంది. గురుడు మాత్రం గేటు దాటి వీధిలో పడతాడు. నెప్ట్యూన్ ఏకంగా పెట్రోలు బంకు దాకా పోతాడు. పిల్లలెవరూ గేటు దాటకూడదని హెడ్మిస్ట్రెస్ హుకుం. అందుకని దూరపు గ్రహాలని వీధిలోని పెద్దవాళ్ళకి అప్పగించి, పిల్లలకి మేడమీంచి చూపిద్దామనుకుంది.

గురుడంటే గోళీయే కాబట్టి సెలూన్ ఆయన తీసుకున్నాడు. లాండ్రీ ఆయన యురేనస్‌ని జేబులో వేసుకున్నాడు. టైలర్ మాత్రం మొరాయించాడు.

"పొద్దున్నే నా షాపుకి శనిని తెస్తావేంటమ్మా?"

"చుట్టూ ఉంగరాలుంటాయి బాబాయ్. ఇంత సోకు ఇంకే గ్రహానికీ లేదు."

టైలర్ కోటు గుండీ తీసి, దాని చుట్టూ జరీదారం చుట్టడం మొదలుపెట్టాడు.

నెప్ట్యూన్‌కి ఎవరూ మిగల్లేదు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న భర్త దొరికాడు. ఆయన చేతికి నీలం తువ్వాలు, ఒక బఠాణీ గింజ ఇచ్చింది.

"నేనెందుకే?"

"ఊరికే నిలబడాలి. అది మీకు బాగా వచ్చుగా."

ఆయన బంకు మలుపులో తువ్వాలు ఎత్తి నిలబడ్డాడు. దారినపోయే పెద్దమనిషొకాయన ఆగాడు.

"ఏమిస్తున్నారండీ ఇక్కడ?"

నేను నెప్ట్యూన్‌నని చెప్పడానికి ఆయనకి మొహం చెల్లలేదు. "ఇంకా మొదలవలేదండీ" అన్నాడు.

పెద్దమనిషి ఆయన వెనక నిలబడ్డాడు. ఇద్దరు నిలబడితే అది క్యూ. ముందున్నవాళ్ళకి తెలియని సంగతులు వెనకవాళ్ళకి బాగా తెలుస్తాయి గనక, కుళాయి కనెక్షన్లని ఒకరు, ఉద్యోగాలని మరొకరు చెప్పుకున్నారు.

"ఫోటోలు కూడా కావాలా?"

"ఎందుకైనా మంచిది, తెచ్చుకోండి."

కాసేపటికి క్యూ రోడ్డుకి అడ్డంగా సాగి, వస్తున్న బస్సుని ఆపేసింది.

మేడమీద పిల్లలు గంతులేస్తున్నారు.

"టీచర్, నెప్ట్యూన్‌కి తోకొచ్చింది!"

"తోకుంటే తోకచుక్క కదా టీచర్?"

ఇదేమి వింతా అని టీచరమ్మ కూడా గోడమీంచి వంగి చూసింది. ఇంతలో హెడ్మిస్ట్రెస్ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"రోడ్డంతా ఆగిపోయిందట! ఇది నీ నిర్వాకమేగా? ఇన్‌స్పెక్టరుగానీ ఇవాళ రాకపోతే, రేపట్నించి నువ్వు కూడా రానక్కర్లేదు."

ఆయన ఆ ఆగిపోయిన బస్సులోనే ఉన్నాడు. విసుగొచ్చి దిగేసరికి, క్యూ మొదట్లో కానిస్టేబులు ఎవరినో నిలదీస్తున్నాడు.

"ఎవరు నువ్వు?"

"నె... నెప్ట్యూన్‌నండి."

"పేరు తర్వాత. ఏం పని నీకిక్కడ?"

"సూర్యుడి చుట్టూ తిరగాలండి. ప్రస్తుతానికి మా ఆవిడ నిలబడమంది."

"సూర్యుడెక్కడయ్యా?" అని మధ్యలో అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"అదిగోనండి, ఆ బడిలో."

ఇన్‌స్పెక్టరు బఠాణీ కేసి చూశాడు, దూరంగా బడి కేసి చూశాడు, నడక మొదలుపెట్టాడు. కానిస్టేబులు ఆయన వెంట పడ్డాడు. ఇచ్చేదేదో అక్కడ ఇస్తారేమోనని క్యూ కూడా కదిలింది.

లాండ్రీ ఆయన తన గ్రహం పక్కకి ఒరిగి దొర్లుతుందని వివరించాడు. టైలర్ గుండీ చూపించి, "శని సార్. ముట్టుకోండి, ఏం కాదు" అని ధైర్యం చెప్పాడు. సెలూన్ ఆయన సగం గీసిన గడ్డాన్ని కుర్చీలో వదిలేసి గురుడి గొప్ప చెప్పడానికి వచ్చాడు. బడి చేరేసరికి ఇన్‌స్పెక్టరు చొక్కా తడిసిపోయింది. ఆవరణలో ఒక పాప అరచేయి చాపింది.

"మనమందరం ఇందులోనే ఉన్నాం సార్."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఆవగింజని మళ్ళీ చూశాడు.

"ఇంతదూరం నడిచాక ఇప్పటికి అర్థమైంది నాకు. ఎవరిదీ ఆలోచన?"

మేడ దిగివచ్చిన టీచరమ్మ నోరు విప్పేలోగా హెడ్మిస్ట్రెస్ అడుగు ముందుకేసింది.

"నాదే సార్. దగ్గరుండి అంతా నేనే చేయించాను."

"అమ్మయ్య!" అన్నాడు కానిస్టేబులు. "రోడ్డు ఆపిందెవరో తేలక చస్తున్నా. స్టేషనుకి రండి మేడమ్, సంజాయిషీ రాసిచ్చి వద్దురుగాని."

ఆమె వెళ్ళాక ఇన్‌స్పెక్టరు టీచరమ్మ వైపు తిరిగాడు.

"నెప్ట్యూన్‌గారి ఆవిడ మీరేనా?"

"అవునండి."

"మీ ఉద్యోగం పర్మనెంటు చేయమని ఇవాళే రాస్తాను. మేడమ్ తిరిగొచ్చేదాకా ఆఫీసుగదిలో మీరు కూర్చోండి."

ఆ కుర్చీలో కూర్చున్నాక టీచరమ్మ చేసిన మొదటి పని, మేడమీద గ్రహాల పేర్లు కేకలేస్తున్న మూడో తరగతి పిల్లలకి గొడవ చేయొద్దని కబురు పంపడం.