మంత్రిగారి చేతుల మీదుగా తొలి మేత

పుట్టిన వెంటనే మేత అందని కోడిపిల్ల జీవితాంతం ఒత్తిడికి లొంగిపోతుందనీ, కనుక ఇకమీదట బాన్సువాడ చుట్టుపక్కల ఒక్క కోడిపిల్ల కూడా ఒత్తిడికి లొంగడానికి వీల్లేదనీ మంత్రిగారు ప్రకటించారు. పేపర్లో మొదటి పేజీలోనే వేశారు. నేను బడికి పోయినదాన్ని కాదు. పొట్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఆ ప్రకటన మాత్రం రెండుసార్లు చదివాను. అంత చిన్న ప్రాణాల గురించి అంత పెద్దమనిషి బెంగపడడం నా ఎరుకలో అదే మొదలు.

పథకం పేరు కుక్కుట శిశు ధైర్య యోజన. యాభై మంది ఆడవాళ్లకు తలా ఇరవై కోడిపిల్లలు, ఒక మేత బస్తా. బీర్కూర్ నుంచి నా పేరు వచ్చింది. మంగళవారం మొదటి బస్సుకు బయల్దేరి బాన్సువాడ చివరన ఉన్న రేకుల షెడ్డుకు చేరుకున్నాను. అట్టపెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. నాది పదిహేడో నంబరు. గాలికోసం పెట్టిన రంధ్రంలోంచి చూస్తే లోపల పసుప్పచ్చగా ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. ముందురోజు సాయంత్రమే గుడ్డు పగలగొట్టుకుని వచ్చాయట.

పథకం ప్రత్యేకాధికారి వినోద్‌కుమార్ గారు మైకు అందుకున్నారు.

"అమ్మలారా, ఈ పథకానికి ప్రాణం తొలి మేత. అది ఆలస్యం కాకూడదు. పది గంటలకు మంత్రిగారు వెండి గిన్నెతో స్వయంగా పెడతారు. అంతవరకు ఎవరూ ఒక్క గింజ వేయకూడదు. మీరు ముందే వేస్తే అది తొలి మేత ఎట్లవుతుంది? అలా వేసిన పెట్టెను వాపస్ తీసుకుపోతాం. భయపడకండి, మళ్లీ తెచ్చిస్తాం."

తీసుకుపోయి మళ్లీ తెస్తామనే మాట ఈ వయసుకు చాలాసార్లే విన్నాను. పెట్టెకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాను.

పదయింది. పన్నెండయింది. మంత్రిగారు వర్ని దగ్గర ఒక బట్టల దుకాణం ప్రారంభిస్తున్నారని కబురొచ్చింది. ఒంటిగంటకు అధికారులకు భోజనాలు పెట్టారు. వాళ్ల పోషణ ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. వడ్డన దగ్గర పార్టీ కార్యకర్త తారాచంద్ ఒక జాగ్రత్త చెప్పాడు.

"అన్నా, గా కూర పేరు జర మెల్లగ చెప్పుండ్రి. పిల్లలు ఇంటున్నయ్. టెన్షన్ అయితది."

నా పక్క పెట్టె బాన్సువాడ రహీమున్నిసాది. "అవ్వా, గీ మంత్రి రేపు గూడ రాడు సూడు" అంది.

"గట్లనకు బిడ్డా. పిల్లలు ఇంటున్నయ్."

పంచిన కరపత్రం తీసి చదివాను. కొన్ని గంటల్లోనే మేత, నీళ్లు అందిన పిల్లలే తర్వాత ఎండనూ, ప్రయాణాన్నీ, బెదురునూ తట్టుకుంటాయని అందులో ఉంది. లేచి అధికారి దగ్గరికి పోయాను.

"సార్, ఆలస్యం చెయ్యొద్దని గిండ్ల రాసిండ్రు."

"అవునవ్వా. చాలా గట్టిగా రాశాం."

"మరి నిన్నటి సంది అవి ఏం దినలే."

"అందుకే కదా మంత్రిగారిని తొందరపెడుతున్నాం! ఇంతకీ ఇది మీకెవరు చదివి పెట్టారు?"

"నేనే సదువుకున్న."

ఆయన ముఖంలో నా మీద గౌరవం కనిపించింది. కరపత్రం నా చేతిలోంచి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు.

మంత్రిగారు ఆ రోజు రాలేదు. రాత్రి పెట్టెల పక్కనే పడుకున్నాం. రెండో రోజు పిల్లల అరుపులు పెరిగాయి. వినోద్‌కుమార్ గారు చూస్తూ ఊరుకునే మనిషి కాదు. ప్రతి పెట్టెకూ ఒత్తిడి నమోదు ఫారం అంటించారు. అరుపు రకం: ఆనందం, ఆతురత, ఇతరుల ప్రేరేపణ. తారాచంద్ అన్ని ఫారాల్లోనూ మూడోదానికే టిక్కు పెట్టుకుంటూ పోయాడు.

"ఎవలో నేర్పిచ్చిండ్రు సార్. లేకుంటే గిన్ని పిల్లలు ఒక్కపాలే ఎందుకు ఒర్లుతయ్?"

వెంటనే మంత్రిగారి మీద కట్టిన పాటను పెద్ద సౌండు బాక్సుల్లో పెట్టారు. దాంతో షెడ్డులో ఒత్తిడి వినబడడం పూర్తిగా ఆగిపోయింది.

పాట మొదలవగానే నేను భక్తితో పెట్టె మీదికి వంగాను. కొంగున కట్టుకొచ్చిన నూకలు చిటికెడు చిటికెడుగా రంధ్రంలోంచి జారవిడిచాను. తడిగుడ్డ కొస లోపలికి దింపితే పొడిచి పొడిచి నీళ్లు పీల్చుకున్నాయి.

"అవ్వా, సార్ ఇటే జూస్తుండు" అంది రహీమున్నిసా.

"పాట మంచిగుంది బిడ్డా."

రెండో చరణానికి ఆమె కూడా వంగింది. పాట అయిపోగానే నాలుగో వరసలోంచి ఒకామె లేచి, "సార్, గా పాట ఇంకొక్కసారి పెట్టుండ్రి" అని అడిగింది. మూడో రోజు పొద్దునకల్లా పాట వినబడితే చాలు, యాభై మంది ఆడవాళ్లు యాభై పెట్టెల మీదికి వంగుతున్నారు. ఇంతటి అభిమానం తన పార్టీ జీవితంలో చూడలేదని తారాచంద్ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే మంత్రిగారు వచ్చారు. కెమెరాలు తిరిగాయి. నా పెట్టె వేదిక మీదికి ఎక్కింది. మంత్రిగారు వెండి గిన్నె దించారు. పిల్లలు గింజలకేసి చూశాయి. మంత్రిగారికేసి చూశాయి. ఒకటి గిన్నెలోకి ఎక్కి, గింజల మీదే కళ్లు మూసుకుని పడుకుంది.

"ఏందయ్యా, తింటలేవు?" అని మంత్రిగారు అధికారి వైపు తిరిగారు.

రహీమున్నిసా పెట్టె తెచ్చారు. అవీ తినలేదు. ముప్పయ్యో నంబరు తెచ్చారు. అవి మంత్రిగారి చెప్పుల మీద ఆడుకున్నాయి. పిల్లల కడుపులు చేత్తో తడిమితే చాలు, అంతా బయటపడుతుంది. అన్నీ వాపస్ పోతాయి.

వినోద్‌కుమార్ గారు చెమట తుడుచుకున్నారు. "సార్, మూడు రోజులుగా ఒక్క గింజ లేకుండా మీ కోసం ఎదురుచూశాయి. ఆ ధైర్యంతోనే ఆకలిని జయించాయి."

"అంటే, మేత అక్కర్లేదా?"

"మీ పాట ఉంటే అక్కర్లేదు సార్."

మంత్రిగారు అక్కడికక్కడే రెండో ప్రకటన చేశారు. మేత లేకుండా ధైర్యం తెచ్చుకున్న కోడిపిల్లలు ప్రపంచంలో ఇవే మొదటివని. యాభై మేత బస్తాలను తిరిగి లారీకి ఎక్కించారు.

నేను ఆగలేకపోయాను. "సార్, మేత లేకుంటే సస్తయ్ సార్. నేనే..."

వినోద్‌కుమార్ గారు నా చెవి దగ్గరికి వంగారు. "అవ్వా, తర్వాతి మాట చెప్తే యాభై పెట్టెలూ లారీ ఎక్కుతాయి."

"నేనే... శాన సంబురపడుతున్న సార్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

పెట్టెలతో ఇళ్లకు చేరిన వారానికి ఉత్తర్వు వచ్చింది. లబ్ధిదారులు ఎవరైనా దొంగచాటుగా మేత పెడితే ప్రయోగం చెడిపోతుంది కనుక ఆ పిల్లలను అక్కడికక్కడే పట్టి పంపవలెను. చదవడం వచ్చిన లబ్ధిదారు నేనొక్కదాన్నే కాబట్టి మేత నివారణ పర్యవేక్షకురాలిగా నన్నే నియమించారు.

బాధ్యత పెద్దది. ప్రతి పొద్దునా ఆకస్మిక తనిఖీలకు పోతున్నాను. ఇంటికి పది అడుగుల దూరంలో ఆగి గట్టిగా దగ్గుతాను. లోపల గిన్నె మీద మూత పడిన చప్పుడు వినబడ్డాక అడుగుపెడతాను. నెల దాటింది. పిల్లలకు రెక్కలొచ్చి వాకిళ్లలో పరుగులు పెడుతున్నాయి. ఇంతవరకు ఒక్క కేసూ దొరకలేదు.

నిన్న వినోద్‌కుమార్ గారు స్వయంగా నాతో తనిఖీకి వచ్చారు. రహీమున్నిసా ఇల్లు ఇంకా ఇరవై అడుగులు ఉందనగా ఆయనే ముందు దగ్గారు.